మా ఆయన పేరు సెనేట్ దాకా వెళ్తే, ఇంట్లో ముందు ఏం సర్దుకోవాలి?

ప్రశ్న: అక్కా, మేం న్యూజెర్సీలో ఉంటాం. మా ఆయన ఇరవై ఏళ్లకు పైగా మంచినీళ్ల సప్లై ఇంజనీరింగ్‌లో ఉన్నారు, సిటిజన్‌షిప్ కూడా వచ్చి చాలా ఏళ్లయింది. పార్టీలో పాలసీ పని చూసే ఫ్రెండ్ ఒకాయన, 2028లో మనవాళ్లు గెలిస్తే పర్యావరణం చూసే ఈపీఏలో వాటర్ ఆఫీసుకి నీ పేరు ఇస్తాం, సెనేట్ కన్ఫర్మేషన్ ఉండే పోస్టు, రెడీగా ఉండు అన్నాడు. ఈయనేమో పిలుపొచ్చినప్పుడు చూద్దాంలే అంటున్నారు, నాకేమో అప్పట్నుంచి ఒకటే గుబులు. తెనాలి దగ్గర మా మామగారిచ్చిన పొలం ఈయన పేరు మీద ఉంది, మా మరిది చూసుకుంటూ కౌలు డబ్బులు ఎన్ఆర్‌ఓ అకౌంట్లో వేస్తాడు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఒక ఆంటీకి క్యాష్ ఇచ్చి చూసుకోమన్నాం. నేను కెమికల్ కంపెనీలో పనిచేస్తా, కంపెనీ షేర్లున్నాయి. ఈయన ఫేస్‌బుక్‌లో రాజకీయాలు బాగా రాస్తారు. వీటిలో ఏవి చెప్పాలి, ఏవి వదిలేయొచ్చు? అప్పటికి పెద్దపాప లెవెన్త్ గ్రేడ్‌లో ఉంటుంది, వాషింగ్టన్ మారిపోవాలంటే ఉద్యోగం, ఇల్లు సంగతేంటి?

జవాబు:

చెల్లెమ్మా, ఏవి వదిలేయొచ్చు అన్నారు కదా, ముందు దానికే చెప్తా, ఏదీ వదలొద్దు. మీరు రాసిన నాలుగింటిలో ఏ ఒక్కటీ దానంతటదే మీ ఆయన్ని ఆపేసేంత పెద్దది కాదు, కానీ మీరు చెప్పకుండా ఉండి అది ఇంకొకళ్లు బయటికి తీస్తే మాత్రం అక్కడితో అయిపోతుంది. నేను వాషింగ్టన్‌లో ఇలాంటి కాగితాలు సర్దే లా ఆఫీసులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నా, లాయర్ని కాదు, కాబట్టి దీన్ని లాయర్ సలహాగా తీసుకోకండి, లాయర్ దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో చేసుకోవాల్సిన పనిగా తీసుకోండి.

"పిలుపొచ్చినప్పుడు చూద్దాం" అన్న మీ ఆయన మాటతో నాకు అస్సలు కుదరదు. లెక్క చూడండి, 2028 నవంబర్ 7న ఎన్నిక, 2029 జనవరి 20న కొత్త ప్రెసిడెంట్ ప్రమాణం, మధ్యలో పదకొండు వారాలు కూడా లేవు. ఆ లోపల కొత్త టీమ్ దాదాపు 4,000 రాజకీయ నియామకాల గురించి ఆలోచించాలి, అందులో 1,300 దాకా సెనేట్ ఒప్పుకోవాల్సినవే. పైగా ఆ వారాలన్నీ చేతికొస్తాయన్న గ్యారంటీ కూడా లేదు, 2020లో జీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ గెలుపుని అధికారికంగా ఒప్పుకోవడానికే నవంబర్ 23 అయింది, 2024లో కొత్త టీమ్ జస్టిస్ డిపార్ట్‌మెంట్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టేసరికి డిసెంబర్ 3, అంతవరకూ ఎఫ్‌బీఐ చెకింగ్ మొదలయ్యే దారే లేదు. ఫోన్ వచ్చాక ఫారాలు నింపమని ఇచ్చే టైమ్ రోజుల్లో ఉంటుంది, నెలల్లో కాదు, అప్పుడు కూర్చుని 2019లో ఇండియా ఏ తారీఖున వెళ్లాం అని పాత బోర్డింగ్ పాసులు వెతుక్కుంటూ కూర్చుంటే తప్పులు పడతాయి, ఆ తప్పులే తర్వాత అబద్ధాల్లా కనపడతాయి.

ఎఫ్‌బీఐ చెకింగ్ కోసం నింపే అసలు పెద్ద ఫారం పేరు ఎస్‌ఎఫ్-86, వంద పేజీలు దాటుతుంది. పదేళ్లలో ఉన్న ప్రతి ఇల్లు, ప్రతి ఉద్యోగం, ఏడేళ్లలో చేసిన విదేశీ ప్రయాణాలు, దగ్గరి సంబంధాలున్న విదేశీయులు, విదేశాల్లో ఆస్తులు, అక్కడివాళ్లకి పంపిన డబ్బులు, అన్నీ అడుగుతారు. మనవాళ్లు ఎక్కడ తడబడతారో చెప్తా. చుట్టాల సెక్షన్‌లో అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అత్తగారు, మామగారు అందరి పూర్తి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు కావాలి. మీ అత్తగారి అసలు పుట్టినరోజు పంచాంగం ప్రకారం గుర్తుంటుంది, ఆధార్‌లో జులై 1 ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంకొకటి ఉంటుంది, ఇంటిపేరు ఒకచోట ముందు ఒకచోట వెనక, స్పెల్లింగ్ మూడు రకాలు. ఒక క్లయింట్ ఇంట్లో ఇదే పంచాయితీ, వాళ్లమ్మగారికి ఇండియా ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి అడిగితే ఆవిడ "దివిసీమ ఉప్పెన నాటికి నువ్వు నడుస్తున్నావు" అని మొదలుపెట్టారు, మేమంతా 1977 నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ కూర్చున్నాం. ఇలాంటిచోట చేయాల్సింది ఒకటే, ఏ కాగితంలో ఏ తేదీ ఉందో అక్కడున్న కామెంట్ బాక్స్‌లో రాసేయడం. తేడా ఉన్నా పర్వాలేదు, ఎందుకు ఉందో రాసి ఉండాలి అంతే. తెలిసి తప్పు రాస్తే మాత్రం అది ఫెడరల్ నేరం, అయిదేళ్ల దాకా జైలు.

అమ్మగారికి నెలనెలా పంపే డబ్బు కూడా రాయాలి, ఓసీఐ కార్డు ఉంటే అదీ చెప్పాలి. ఇంకోటి మనవాళ్లకి తట్టనే తట్టదు, ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో మంత్రులు, ఎమ్మెల్యేలు వచ్చినప్పుడు ఎడిసన్‌లో మీట్ అండ్ గ్రీట్‌కి వెళ్లి ఫొటోలు దిగుతాం, వాళ్లు విదేశీ ప్రభుత్వ ప్రతినిధులే కదా. ఏడేళ్లలో అలాంటివాళ్లని ఎవరిని ఎక్కడ కలిశారో ఇప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. తప్పేం లేదు, కలవొచ్చు, కానీ ఫారంలో లేని ఫొటో ఫేస్‌బుక్‌లో ఉండకూడదు.

ఇక పొలం. మీ మరిది వేసే కౌలు డబ్బు మీద ఇండియాలో ట్యాక్స్ లేదు, వ్యవసాయ ఆదాయం కదా అని మీరు ఇక్కడ కూడా చూపించలేదేమోనని నా అనుమానం, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది చూపించరు. అమెరికన్ సిటిజన్‌కి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడి రిటర్న్‌లో చూపించాల్సిందే, ఇండియాలో మినహాయింపు ఉందన్నది ఇక్కడి ట్యాక్స్ ఆఫీసు ఐఆర్ఎస్‌కి అనవసరం. ఎన్ఆర్‌ఓ అకౌంట్‌లో వడ్డీ కూడా అంతే. విదేశీ అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ అకౌంట్ల రిపోర్టు వేయాలి, అది వేశారో లేదో చూసుకోండి. వేయకపోతే భయపడి ఊరుకోకండి, కావాలని దాచనివాళ్లు పాతవి సరిచేసుకోవడానికి ఐఆర్ఎస్‌లోనే స్ట్రీమ్‌లైన్డ్ అని ఒక దారి ఉంది, రెండు దేశాల ట్యాక్స్‌లు తెలిసిన సీపీఏని పట్టుకుని ఈ సంవత్సరమే పూర్తి చేయండి.

ఈ సంవత్సరమే అని ఎందుకు అంత గట్టిగా అంటున్నానంటే, 2009లో టామ్ డాష్‌ల్ సంగతి గుర్తు తెచ్చుకోండి, సెనేట్‌లో మెజారిటీ లీడర్‌గా చేసిన మనిషి, ఆ సెనేట్‌లో ఆయన్ని కన్ఫర్మ్ చేయాల్సినవాళ్లు ఆయన పాత స్నేహితులే. హెల్త్ సెక్రటరీగా ఒబామా పేరు ప్రకటించాక పాత బాకీ ట్యాక్సులు వడ్డీతో కలిపి 1,40,000 డాలర్ల దాకా కట్టాడు, అయినా ఫిబ్రవరి 3న తప్పుకోవాల్సి వచ్చింది. పేరు రాకముందు కట్టినది పాత పొరపాటు సరిచేసుకోవడం, పేరు వచ్చాక కట్టినది దొరికిపోయాక కట్టడం, డబ్బు అదే అయినా సరే. అదే రోజు ఒబామా ఇంకో పదవికి ఎంచుకున్న నాన్సీ కిల్లెఫర్ అనే ఆవిడ కూడా తప్పుకుంది, ఆవిడ మీద వాషింగ్టన్ డీసీ వాళ్లు వేసిన పాత క్లెయిమ్ 946 డాలర్ల 69 సెంట్లు, అదీ ఇంట్లో పనిమనిషి తాలూకు ట్యాక్స్.

ఆంటీ విషయానికి ఇక్కడే రావాలి. 1993లో క్లింటన్ అటార్నీ జనరల్‌గా పెట్టుకుందామనుకున్న జోయీ బెయిర్డ్ కాగితాలు లేని దంపతుల్ని పిల్లల కోసం, డ్రైవింగ్ కోసం పెట్టుకుని సోషల్ సెక్యూరిటీ ట్యాక్సులు కట్టలేదని పేరు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, అప్పట్నుంచి ప్రతి టీమూ ఈ ప్రశ్న అడుగుతూనే ఉంది. మీ కేసులో ముందు తేల్చుకోవాల్సింది ఆంటీ ఎక్కడ చూసుకునేవారు అని. ఆవిడ వాళ్లింట్లోనే నలుగురైదుగురు పిల్లల్ని చూసుకుంటూ మీ పిల్లల్నీ చూసి ఉంటే మామూలుగా ఆవిడది సొంత వ్యాపారం కిందకి వస్తుంది, మీరు యజమాని కాదు. మీ ఇంటికి వచ్చి మీరు చెప్పిన టైమ్‌కి మీరు చెప్పినట్టు చూసుకుని ఉంటే మీరే యజమాని, ఏడాదికి ఒక లిమిట్ దాటితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కట్టి ఉండాలి, ఆ లిమిట్ 2015లో 1,900 డాలర్లు, 2025లో 2,800, అంటే నెలకి నాలుగైదు వందలు ఇచ్చినా దాటిపోయినట్టే. ఇంకో మాట కూడా మొహమాటం లేకుండా అడుగుతున్నా, ఆ ఆంటీ కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నవారా? అయితే అది లాయర్‌కి మొట్టమొదట చెప్పాల్సిన విషయం, ట్యాక్స్ తర్వాత. ఆవిడ పేరు మాత్రం బంధువుల్లో ఎవరి దగ్గరా ఎత్తకండి, ఆవిడకి ఇబ్బంది రాకూడదు, మీకు కష్టకాలంలో పిల్లల్ని పెంచి పెట్టిన మనిషి.

మీ షేర్ల గురించి మీరు ఒక్క లైన్‌లో రాసేశారు గానీ నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది ఇదే. రూల్ ప్రకారం భార్య పేరు మీద ఉన్నది, చిన్నపిల్లల పేరు మీద ఉన్నది కూడా ఆయనదే అన్నట్టు లెక్క. నీళ్లలో ఏ కెమికల్ ఎంత ఉండొచ్చో తేల్చే ఆఫీసుకి ఆయన హెడ్, మీరు పనిచేసేది కెమికల్ కంపెనీ. ప్రభుత్వ ఎథిక్స్ ఆఫీసు ఓజీఈ వాళ్ల 278ఈ అనే ఆస్తుల ఫారంలో ఇవన్నీ వస్తాయి. మీ జీతం ఎంతో రాయక్కర్లేదు, ఎవరిచ్చారో రాస్తే చాలు, ఆస్తుల విలువ కూడా 15,001 నుంచి 50,000 వరకు అన్నట్టు రేంజ్‌లోనే. తెనాలి పొలం కౌలు వస్తోంది కాబట్టి అదీ ఎక్కుతుంది. ఎస్‌ఎఫ్-86లా కాదు, ఇది పబ్లిక్ కాగితం, అడిగినవాళ్లకి ఇస్తారు, మన కాలనీ వాట్సాప్ గ్రూపులో తిరిగినా తిరుగుతుంది, దానికి మనసు ముందే సిద్ధం చేసుకోండి.

అది చూసి ఎథిక్స్ వాళ్లు ఆయనతో ఒక అగ్రిమెంట్ రాయిస్తారు, ఏవి అమ్మాలి, ఏ విషయాల్లో ఆయన వేలు పెట్టకూడదు అని, అమ్మాల్సినవి కన్ఫర్మ్ అయిన 90 రోజుల్లో అమ్మాలి. ఇక్కడ చాలామంది తొందరపడి పొరపాటు చేస్తారు, ఎలాగూ అమ్మాలిగా అని ముందే అమ్మేస్తారు, లాభం మీద ట్యాక్స్ కట్టేస్తారు. అలా కాకుండా సర్టిఫికెట్ ఆఫ్ డైవెస్టిచర్ అని ఓజీఈ ఇస్తుంది, అది చేతికొచ్చాక అమ్మి 60 రోజుల్లో ఆ డబ్బు ట్రెజరీ బాండ్లలోనో బాగా డైవర్సిఫైడ్ ఫండ్‌లోనో పెడితే ఆ ట్యాక్స్ ఇప్పుడు కాకుండా తర్వాతెప్పుడో కట్టొచ్చు. ముందు అమ్మితే ఆ సౌకర్యం పోయినట్టే. ఇంకా వెస్ట్ కాని, అంటే పూర్తిగా మీ సొంతం కాని షేర్లు అమ్మలేరు కాబట్టి మీ కంపెనీ తాలూకు విషయాలకి ఆయన దూరంగా ఉండాలి, అయితే ఎంత దూరం అన్నది చూడాలి, మీ కంపెనీ నీళ్లలో ఎన్నేళ్లైనా కరగకుండా ఉండిపోయే పీఫాస్ కెమికల్స్ తయారుచేసేదో వాడేదో అయితే ఆ ఆఫీసులో సగం పని ఆయన ముట్టుకోలేకపోవచ్చు. మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఇదే, మీ ఉద్యోగం మానాలా అన్న ప్రశ్న వస్తే ఆ నిర్ణయం మీది, ఆయన పదవి కోసం అందరూ కలిసి మీ మీద పెట్టేది కాకూడదు.

ఫేస్‌బుక్ గురించి ఒకే మాట, రాసినవి తీసేయొద్దు. 2020 నవంబర్‌లో బడ్జెట్ ఆఫీసుకి పేరొచ్చిన నీరా టాండన్ వెయ్యికి పైగా ట్వీట్లు తీసేసింది, తీసేసిందన్నదే ఇంకో వార్త అయింది, తను సెనేటర్లని అన్న మాటలు వాళ్లే హియరింగ్‌లో చదివి వినిపించారు, 2021 మార్చి 2న పేరు వెనక్కి. వివేక్ మూర్తిది ఇంకా చిన్నది, తుపాకులు కూడా ఆరోగ్య సమస్యే అని 2012లో పెట్టిన ఒక్క ట్వీట్, దాని మీద 2013 నవంబర్‌లో సర్జన్ జనరల్ పదవికి నామినేట్ అయిన మనిషి 2014 డిసెంబర్ 15 దాకా ఆగాల్సి వచ్చింది, చివరికి 51-43తో గట్టెక్కాడు. మీ ఆయన అకౌంట్ మొత్తం డౌన్‌లోడ్ చేసి, తెలుగులో రాసినవి కూడా, లాయర్‌కి ఇవ్వండి, తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అనుకోవద్దు, ఒక్క క్లిక్‌తో ఇంగ్లిష్‌లోకి మారిపోతుంది. ఒబామా టీమ్ 2008లో ఇచ్చిన క్వశ్చనేర్‌లో 63 ప్రశ్నలుండేవి, ఆన్‌లైన్‌లో ఏ మారుపేర్లతో రాశారో కూడా అడిగారు, ఆఖరి ప్రశ్న ఏంటంటే మీకు గానీ మీ కుటుంబానికి గానీ కాబోయే ప్రెసిడెంట్‌కి గానీ ఇబ్బంది తెచ్చేది ఇంకేమైనా ఉందా అని. ఆ ప్రశ్న మీరిద్దరూ ఇప్పుడే, పిల్లలు పడుకున్నాక, ఒకళ్లనొకళ్లు అడుక్కోండి.

తెలుగు సంఘాల వాళ్లకి దయచేసి ఏమీ చెప్పొద్దు. ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు, కానీ నామినేషన్ సెనేట్‌కి వెళ్లకముందే శాలువా కప్పి "మన తెలుగుబిడ్డకి ఈపీఏలో పదవి" అని పోస్టర్ వేస్తే, ఇంకా మేం ఓటే వేయలేదు అప్పుడే కుర్చీలో కూర్చున్నాడా అనుకుంటారు కమిటీలో. హైదరాబాద్‌లో పుట్టిన వినయ్ తుమ్మలపల్లి 2009లో బెలీజ్‌కి అంబాసిడర్‌గా వెళ్లాడు, మన పేర్లు ఆ సెనేట్‌లో గట్టెక్కినవే, పండగ కన్ఫర్మ్ అయ్యాక చేసుకోండి, నన్నూ పిలవండి.

హియరింగ్ సంగతి. ఈ పోస్టు ఎన్విరాన్‌మెంట్ అండ్ పబ్లిక్ వర్క్స్ కమిటీకి వెళ్తుంది, డర్క్‌సెన్ బిల్డింగ్ 406 రూమ్, 2021లో రాధికా ఫాక్స్ కూడా ఈ కమిటీ ముందుకి వచ్చే ఇదే ఆఫీసుకి వెళ్లారు. దానికి ముందు ప్రాక్టీస్ పెడతారు, మర్డర్ బోర్డ్ అంటారు. ఒక కాన్ఫరెన్స్ రూమ్‌లో ఎదురుగా అయిదారుగురు సెనేటర్లలా కూర్చుంటారు, టైమర్ పెడతారు, ఒకాయన పని కేవలం కోపం తెప్పించడమే, జవాబు సగంలో ఉండగా ఆపేసి "యెస్ ఆర్ నో" అంటాడు. మీ ఆయనకి నీళ్ల గురించి తెలియనిది ఉండదు, అదే ఇక్కడ కష్టం, ఇంజనీర్లు మొదట్నుంచి మొదలుపెడతారు, పైపు ఎప్పుడు వేశారు దగ్గర్నుంచి, సెనేటర్‌కి ఉన్నది అయిదు నిమిషాలు. 2024లో పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ అనే రెండు పీఫాస్ కెమికల్స్‌కి మంచినీళ్లలో పెట్టిన ట్రిలియన్‌కి 4 పార్ట్‌ల లిమిట్ చిన్న ఊళ్లు ఎలా భరిస్తాయి, సీసం పైపులు పదేళ్లలో మార్చాలంటే బిల్లు ఎవరు కట్టాలి, 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన సాకెట్ తీర్పు తర్వాత ఏ చిత్తడి నేల ఫెడరల్ చేతిలో ఉంది, ఈ మూడూ తప్పకుండా ఏదో ఒక రూపంలో వస్తాయి. రెండు మూడు వాక్యాల్లో చెప్పి ఆగడం ఇంట్లో మీతోనే ప్రాక్టీస్ చేయమనండి. తెలియనిది తెలియదు, చూసి రాతపూర్వకంగా ఇస్తాను అంటే ఎవరూ తప్పు పట్టరు, ఫలానాది చేసి తీరతానని మాటిస్తే మాత్రం పట్టుకుంటారు. యాస గురించి ఆయనకి బెంగ ఉంటే తీసేయమనండి, నెమ్మదిగా మాట్లాడితే చాలు. మీరు వెనక వరసలో కూర్చుంటారు, కెమెరాలో ఆయన భుజం మీదుగా మీ మొహమే కనపడుతుంది, ఎవరేమన్నా మొహంలో ఏదీ చూపించకుండా కూర్చోవాలి, అదీ తేలికేం కాదు.

హియరింగ్ అయింది కదా అని ఊపిరి పీల్చుకోకండి, ఆ తర్వాత రాతలో ప్రశ్నలు పంపిస్తారు, ఒక్కోసారి వందల్లో, కొద్ది రోజుల్లో జవాబులివ్వాలి, ఆ వారం ఇంట్లో పెళ్లిళ్లు పేరంటాలు పెట్టుకోవద్దు.

తర్వాత వెయిటింగ్. 2013 నుంచి ఇలాంటి పోస్టులకి మామూలు మెజారిటీ చాలు, 2025 సెప్టెంబర్‌లో రూల్ మార్చి 48 మందిని ఒక్క ఓటుతో కట్టగట్టి కన్ఫర్మ్ చేశారు కూడా, కాబట్టి సెనేట్ మీ పార్టీ చేతిలో ఉంటే తొందరగానే అవ్వొచ్చు. కానీ ఎవరో ఒక సెనేటర్ ఈయనతో సంబంధం లేని గొడవ మీద కూడా హోల్డ్ పెట్టి ఓటు ఆలస్యం చేయొచ్చు, సెషన్ ముగిసేలోపు తేలకపోతే పేరు వైట్ హౌస్‌కి తిరిగి వెళ్తుంది, మళ్లీ పంపాలి. అందుకే ఓటు అయ్యేదాకా ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వొద్దు. కన్సల్టెంట్‌గా ముందే డిపార్ట్‌మెంట్‌లోకి రమ్మంటే, ఎథిక్స్ లాయర్ని అడక్కుండా ఒప్పుకోవద్దు, ఒప్పుకున్నా నిర్ణయాలు తీసుకున్నట్టు కనపడకూడదు. పాప లెవెన్త్‌లో ఉంటుందన్నారు, కన్ఫర్మేషన్ మార్చిలో అవుతుందో అక్టోబర్‌లో అవుతుందో ఎవరూ చెప్పలేరు, పాపని మధ్యలో స్కూల్ మార్చకండి, ఆయన ఒక్కరే ఒక సింగిల్ బెడ్‌రూమ్ తీసుకుని ఉండొచ్చు, న్యూజెర్సీ నుంచి ట్రైన్‌లో వారం వారం వచ్చివెళ్లే దూరమే. ఇల్లు అమ్మొద్దు. మీరు ఉంటున్నంతకాలం ఆ ఇల్లు ఆస్తుల లిస్టులో రాయక్కర్లేదు, దాని మీద లోన్ ఉంటే మాత్రం అప్పుల్లో చూపించాలి, ఎప్పుడైనా మీరంతా వెళ్లిపోయి అద్దెకిస్తే అప్పుడు ఇల్లు కూడా 278ఈలోకి ఎక్కుతుంది, ఆ నెలలోనే లాయర్‌కి ఒక మెయిల్ పెట్టండి.